పని ముగిసినా పాఠం మిగలాలి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఒక పూర్వ విద్యార్థుల సంఘాన్ని యాభై ఏళ్లు నడపడం తేలిక కాదు. చందాలు వసూలు చేసినవాళ్లకు, సభలకు కుర్చీలు వేయించినవాళ్లకు, ఉత్తరాలు రాసి అందర్నీ కూడగట్టినవాళ్లకు ముందుగా నా కృతజ్ఞతలు.

కార్యదర్శి గారు నాకు ఫోను చేసినప్పుడు ఒక షరతు పెట్టారు. "బడి జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నువ్వు ముప్పై ఏళ్లకు పైగా కట్టడాల పనిలో ఉన్నావు కదా, అక్కడ నేర్చుకున్నది ఏదైనా మాకు పనికొచ్చేలా చెప్పు" అన్నారు. అందుకని ఈ పూట కాంట్రాక్టర్ల గురించి మాట్లాడతాను.

కాంట్రాక్టరు అనగానే మీలో కొందరు నవ్వుతున్నారు. మన సినిమాల్లో కాంట్రాక్టరంటే తెల్ల బట్టలు వేసుకుని సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపే విలన్. అలాంటివాళ్లు లేరని నేను అనను. కానీ మనం దాటి వచ్చిన వంతెన, తాగిన నీళ్లు, ఎక్కిన రైలు, అన్నిటి వెనకా ఎవరో ఒక కాంట్రాక్టరు, అతని కింద కొన్ని వందల మంది మేస్త్రీలు, ఆపరేటర్లు, కూలీలు ఉన్నారు. వాళ్లు పనిని ఎలా నేర్చుకుంటారు, కొత్త పద్ధతి ఎలా కనిపెడతారు, నేర్చుకున్నది ఎందుకు మరిచిపోతారు అన్నదే నా విషయం.

ఒక కార్ల ఫ్యాక్టరీ తీసుకోండి. అదే షెడ్డు, అవే యంత్రాలు, అదే మనుషులు. ఈ రోజు చేసిన పనే రేపూ చేస్తారు. చేసేకొద్దీ చేయి తిరుగుతుంది. 1936లో అమెరికాలో రైట్ అనే ఇంజినీరు విమానాల తయారీ లెక్కలు చూసి ఒక విషయం రాశాడు. తయారైన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఇంచుమించు ఐదో వంతు తగ్గుతోందట. విమానాలు కనిపెట్టిన రైట్ సోదరులకూ ఈయనకూ సంబంధం లేదు.

మా పని అలా ఉండదు. ప్రతి సైటూ కొత్తదే. నేల వేరు, నది వేరు, డ్రాయింగు వేరు, పని ఇచ్చే ఆఫీసు వేరు. రెండేళ్లు కష్టపడి వంతెన కడతాం. ఆఖరి బిల్లు పాసయ్యేసరికి ఇంజినీర్లు ఒక రాష్ట్రానికి, మేస్త్రీలు ఇంకో రాష్ట్రానికి వెళ్లిపోతారు. సైటు ఆఫీసు రేకులు విప్పి లారీ ఎక్కిస్తాం. రెండేళ్లలో నేర్చుకున్నదంతా ఎక్కడికి పోయినట్టు? మనుషులతో పాటే పోయింది. కంపెనీ దగ్గర మిగిలేవి ఎం.బి.లు, బిల్లుల ఫైళ్లు. ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పోశామో వాటిలో ఉంటుంది. ఎలా పోస్తే బాగా వచ్చిందో మాత్రం ఉండదు.

దీనికి నేను కళ్లారా చూసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. నేను చేరిన తొలి ఏళ్లలో సముద్రానికి దగ్గర్లో ఒక క్రీకు మీద వంతెన పని జరుగుతోంది. పైల్స్ వేస్తున్నాం. అంటే నేలలోకి లోతుగా గుండ్రటి బోరు తవ్వి, ఇనుప బోను దింపి, కాంక్రీటు నింపడం. ఇసుక నేల కాబట్టి బోరు గోడలు కూలకుండా అందులో బెంటొనైట్ అనే బంకమట్టి నీళ్లు నింపి ఉంచుతాం. ఆ నీళ్ల మట్టం చుట్టుపక్కల భూమిలోని నీటి మట్టం కన్నా కనీసం ఒక మీటరు పైన ఉండాలి. అప్పుడే లోపలి ఒత్తిడి గోడను పట్టి ఉంచుతుంది.

మా రిగ్గు ఆపరేటరు పాలకొల్లు వైపు మనిషి. వయసులో పెద్ద, అందరం బాబాయ్ అనేవాళ్లం. ఆయన క్యాబిన్‌లో సీటు పక్కన పంచాంగం ఉండేది. మంచీ చెడూ చూసుకోవడానికేమో అనుకునేవాళ్లం. నెలలో కొన్ని రోజులు సాయంత్రం పూట కొత్త బోరు మొదలుపెట్టేవాడు కాదు. ఒకరోజు అడిగాను. "రేపు అమావాస్య కదండీ ఇంజినీరు గారూ. పోటు గట్టిగా వస్తుంది. క్రీకులో నీళ్లు లేస్తే భూమిలో నీళ్లూ లేస్తాయి. బోరు తెరిచి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పూడిపోద్ది" అన్నాడు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రపు పోటు ఎక్కువని మనం సైన్సులో చదువుకున్నాం. ఆయన ఏ బళ్లోనూ చదవలేదు. కానీ దాన్ని బెంటొనైట్ మట్టంతో కలిపి చూసింది ఆయన ఒక్కడే. ఆ సైటులో ఒక్క బోరూ కూలలేదు.

కొన్నాళ్లకు ఆయన పని మానేసి ఊరెళ్లిపోయాడు. ఆ తర్వాత అదే కంపెనీ ఇంకో తీరంలో, అలాంటిదే ఇంకో క్రీకు మీద వంతెన పట్టింది. అక్కడ బోర్లు కూలడం మొదలైంది. ఒకసారి కూలితే మళ్లీ నింపాలి, మళ్లీ తవ్వాలి, ఇనుప బోను ఇరుక్కుపోతే అదింకో తలనొప్పి. వారాల తరబడి పని ఆగింది. రిపోర్టుల్లో "నేల స్వభావం బాగోలేదు" అని రాశారు. నన్ను చూసి రమ్మని పంపారు. కూలిన తేదీలు వరసగా రాసుకుని క్యాలెండరు పక్కన పెట్టాను. దాదాపు అన్నీ అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూ. బాబాయ్‌కి ఫోను చేసి సంగతి చెబితే ఆయన అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేను. "నాకు తెలుసు కదండీ. నన్ను ఎవరూ అడగలేదు."

ఆ కంపెనీకి ఆ విద్య తెలుసా, తెలియదా? కంపెనీలో ఒక మనిషికి తెలుసు. కంపెనీకి తెలియదు. ఈ తేడాయే ఇవాళ నేను చెప్పదలుచుకున్న విషయానికి ఆయువుపట్టు. మనిషి నేర్చుకోవడం వేరు, సంస్థ నేర్చుకోవడం వేరు. మనిషి వెళ్లిపోయాక కూడా పని సరిగ్గా జరిగితే అప్పుడు సంస్థ నేర్చుకున్నట్టు.

జపానుకు చెందిన నొనాకా, తకేఉచి అనే ఇద్దరు ఆచార్యులు 1995లో దీని మీద ఒక పుస్తకం రాశారు. చేతిలో ఉన్న విద్యను కాగితం మీదికి ఎలా తేవాలన్నది వాళ్ల ప్రశ్న. అందులో ఒక ముచ్చట ఉంది. మత్సుషిత కంపెనీ ఇంట్లో రొట్టె చేసుకునే యంత్రం తయారు చేస్తోంది. పిండి సరిగ్గా కలవడం లేదు. ఎన్ని కొలతలు తీసినా తప్పు దొరకలేదు. అప్పుడు ఇకుకో తనాకా అనే ఉద్యోగిని ఒసాకాలో మంచి రొట్టెకు పేరుపడ్డ ఒక హోటల్‌కు వెళ్లి, అక్కడి వంటమాస్టరు దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పుతున్నాడని గమనించింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, బహుశా తనకే మాటల్లో తెలియదు. ఆమె దాన్ని ఇంజినీర్లకు అర్థమయ్యే మాటగా మార్చింది. మా బాబాయ్ పక్కన అలా కూర్చోవాల్సినవాళ్లు మా కంపెనీలో లేకపోయారు.

ఇదంతా జపాను, అమెరికా వాళ్ల శాస్త్రం అనుకోకండి. మన గోదావరి ఒడ్డునే ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర పేరు ఈ సభలో తెలియనివాళ్లు ఉండరు. కానీ ఆయన ఆ విద్య ఎక్కడ నేర్చాడు? ఇంగ్లండులో కాదు. కావేరి మీద కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే కల్లణై దగ్గర. అడుగున రాయి తగలని ఇసుక నదిలో కట్టడం నిలవదని ఆనాటి ఇంజినీర్లకు భయం. చోళుల కాలం మనుషులు పెద్ద పెద్ద రాళ్లను ఇసుకలోనే దించి, అవి కుంగినచోట మళ్లీ రాళ్లు వేసి, ఇక కుంగని దాకా తీసుకొచ్చారు. కాటన్ దాన్ని శ్రద్ధగా చూశాడు. ముందు 1830లలో కొల్లడం మీద ఆనకట్టలు కట్టి చేయి తిప్పుకున్నాడు. ఆ తర్వాతే గోదావరి దగ్గరికి వచ్చాడు. ఇక్కడ వీణం వీరన్న గారి వంటి స్థానికులు కూలీలను కూర్చి, పని నడిపి తోడ్పడ్డారు. ఇసుకలో పునాది వేయడం దేశీయుల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ దాచుకోకుండా చెప్పాడు.

కథ అక్కడితో ఆగలేదు. గోదావరి పని పూర్తయిన 1852లోనే బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట మొదలైంది. ఆర్ అనే అధికారి ఆధ్వర్యంలో 1855కల్లా ముగిసింది. కృష్ణ అక్కడ గోదావరి అంత వెడల్పు కాదు, నిజమే. అయినా గోదావరిలో నేర్చుకున్న పాఠం చల్లారకముందే కృష్ణకు చేరిందన్నది మనం గమనించాలి. కావేరి నుంచి కొల్లడానికి, అక్కడి నుంచి గోదావరికి, అక్కడి నుంచి కృష్ణకు. పాఠం నడిచి వచ్చింది.

మన కాలానికి వద్దాం. 1990లో కొంకణ్ రైల్వే కార్పొరేషన్ ఏర్పడింది. దాని అధిపతి శ్రీధరన్ గారు మన కాకినాడ ఇంజినీరింగు కాలేజీలో చదివినవారు. సహ్యాద్రి కొండల పక్కగా 92 సొరంగాలు, రెండు వేల దాకా చిన్నా పెద్దా వంతెనలు కట్టాలి. గట్టి రాయి తొలవడానికి కార్పొరేషనే స్వీడన్ నుంచి హైడ్రాలిక్ యంత్రాలు తెప్పించింది. పాత పద్ధతిలో నెలల తరబడి సాగే పని వేగం అందుకుంది. అయితే గోవా వైపు మెత్తటి బురద నేలలో ఆ యంత్రాలు పనికిరాలేదు. అక్కడ చేత్తోనే కొద్దికొద్దిగా తవ్వుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఒకటిన్నర కిలోమీటర్ల పెర్నెం సొరంగం ఏళ్ల తరబడి పట్టింది. తవ్వింది తవ్వినట్టు కూలేది, ప్రాణాలు కూడా పోయాయి. ఆ లైను పనుల్లో ప్రాణాలిచ్చిన కార్మికుల స్మారకం రత్నగిరి స్టేషను దగ్గర ఉంది. ఒకచోట గెలిచిన పద్ధతి ఇంకోచోట గెలుస్తుందన్న హామీ లేదు. నేర్చుకోవడంలో ఇది కూడా ఒక భాగం.

అదే లైనులో రత్నగిరి దగ్గర పన్వల్ నది మీద వంతెన ఉంది. ఎత్తు 64 మీటర్లు, పొడవు 424 మీటర్లు. అంత లోతైన లోయలో కింద నుంచి సెంట్రింగు పెట్టి పైన కాంక్రీటు పోయడం ఎవరి తరం? అందుకని మన దేశంలో తొలిసారిగా ఒక కొత్త పద్ధతి వాడారు. లోయ ఒక ఒడ్డున, స్తంభాల వెనక, నేల మీదే ఒక ముక్క పోస్తారు. అది గట్టిపడ్డాక జాకీలతో ముందుకు తోస్తారు. ఖాళీ అయినచోట దానికి అతికి ఉండేలా ఇంకో ముక్క పోస్తారు. మళ్లీ తోస్తారు. అలా వంతెన మొత్తం ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు జరుగుతూ వెళుతుంది. ఇందులో నాకు నచ్చేది యంత్రం కాదు. అదే చోట, అదే అచ్చులో, అదే గుంపు మళ్లీ మళ్లీ అదే పని చేస్తుంది. ఇందాక విమానాల ఫ్యాక్టరీలో చెప్పిన లాభం సైటుకు వచ్చింది. మన హైదరాబాదు మెట్రోలో వంతెన ముక్కల్ని యార్డుల్లో పోసి, రోడ్ల మీదికి తెచ్చి, పైన ఒక్కొక్కటిగా కూర్చి బిగించింది కూడా ఇదే ఆలోచనతో. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో ఎక్కినవాళ్లు ఆ ముక్కల మీదే వెళ్లారు.

ఇంకో దారి, తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవడం. ఢిల్లీ మెట్రో భూగర్భ మార్గాల పనుల్లో జపాను, జర్మనీ, స్వీడన్, కొరియా కంపెనీలతో మన ఎల్ అండ్ టీ, హెచ్‌సీసీ వంటివి జట్టు కట్టాయి. 2002 డిసెంబరు 24న షాహ్‌దరా, తీస్ హజారీల మధ్య మొదటి ముక్క మొదలైంది. ఆ తర్వాత దేశంలో నగరం నగరానికీ మెట్రో వచ్చింది. సొరంగం తొలిచే యంత్రాలను మనవాళ్లే నడపసాగారు. టోపీ, బూటు, సైటు చుట్టూ రేకుల కంచె, రోడ్డు మీదికి వచ్చే లారీ చక్రాలు కడగడం వంటి అలవాట్లు మన నగరాల్లో జనానికి కనబడింది ఆ పనుల్లోనే. జట్టు కట్టినంత మాత్రాన విద్య రాదు. పక్కవాడి యంత్రం పక్కన మన మనిషిని నిలబెట్టాలి. లాభం పంచుకుని వదిలేసిన జట్లు కూడా నేను చూశాను. వాళ్ల దగ్గర డబ్బే మిగిలింది.

ఇప్పుడు కొంచెం లోతుగా వెళతాను. పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి తేలిగ్గానే చెబుతాను. ఆర్గిరిస్, షోన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1978లో సంస్థలు ఎలా నేర్చుకుంటాయో రాస్తూ రెండు రకాలు చెప్పారు. ఒకటి, తప్పు జరిగితే ఆ తప్పును దిద్దడం. రెండోది, ఆ తప్పు పుట్టించిన మన లెక్కనే ప్రశ్నించడం.

మా భాషలో చెప్పాలంటే ఇలా. సెంట్రింగు విప్పగానే పిల్లర్, బీము కలిసేచోట కాంక్రీటు తేనెపట్టులా గుల్లగా వస్తుంది. మేస్త్రీ సిమెంటు పాలు పోసి, పైన పూత పూసి సరిచేస్తాడు. ఇది మొదటి రకం. పై అంతస్తులోనూ అలాగే వస్తుంది, మళ్లీ పూత. పది అంతస్తులు పూతలే. ఒక తెలివైన మనిషి ఆగి అడుగుతాడు. ఇక్కడే ఎందుకు గుల్ల వస్తోంది? చూస్తే అక్కడ ఇనుప చువ్వలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే 20 మిల్లీమీటర్ల కంకర దిగదు. వైబ్రేటరు సూది అంతకన్నా దిగదు. అయితే చిన్న కంకర వాడదాం, సన్న సూది తెప్పిద్దాం, ఇనుము కట్టే వరసను డ్రాయింగు ఇచ్చినవాళ్లతో మాట్లాడి మారుద్దాం. ఇంకా ఒక అడుగు లోపలికి వెళితే అసలు సంగతి కనబడుతుంది. ఆ గుంపుకు క్యూబిక్ మీటరుకు ఇంత అని కూలి ఇస్తున్నాం. ఎంత తొందరగా పోస్తే అంత గిట్టుబాటు. ఇరుకు చోట పది నిమిషాలు ఎక్కువ వైబ్రేటరు పెట్టినవాడికి నష్టం. అంటే గుల్ల కాంక్రీటు పుట్టింది మేస్త్రీ చేతిలో కాదు, మా రేట్ల కాగితంలో. ఆ కాగితం మార్చడమే రెండో రకం నేర్చుకోవడం. కష్టం కూడా అదే, ఎందుకంటే అక్కడ తప్పు పైవాళ్లది.

నేను ఈ మాట చెబుతుంటే మీకు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చి ఉంటారు. తప్పు చేసిన లెక్కను కొట్టేసి మళ్లీ చేయమనేవారు కాదు. తప్పు పక్కనే ఎర్ర సిరాతో "ఇక్కడ ఏమనుకున్నావు?" అని రాసేవారు. మనం ఏమనుకుని ఆ తప్పు చేశామో కింద ఒక వాక్యంలో రాయాలి. అప్పట్లో మనందరికీ అది విసుగే. సంస్థలకు ఆచార్యులు పుస్తకాలు రాసి చెప్పింది ఆయన మనకు నోటుపుస్తకంలోనే నేర్పారు.

క్రీకు సంగతి తర్వాత మా కంపెనీలో ఒక అలవాటు మొదలైంది. అమెరికా సైన్యంలో విన్యాసం కాగానే అందరూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్నే మేం మాకు తగ్గట్టు మార్చుకున్నాం. ఒక ముఖ్యమైన పని ముగియగానే ఇంజినీరు, మేస్త్రీ, ఆపరేటరు, స్టోరు కీపరు టీ తాగుతూ కూర్చుంటారు. నాలుగే ప్రశ్నలు. ఏం చేద్దామనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? వచ్చేసారి ఏం చేద్దాం? చెప్పింది తెలుగులోనో హిందీలోనో ఒడియాలోనో వాళ్ల మాటల్లోనే ఫోనులో రికార్డు చేస్తాం. తర్వాత ఒక పేజీ రాస్తాం. రాసేటప్పుడు ఎవరి తప్పు అని పేరు రాయకూడదు, ఎవరి ఉపాయం అని పేరు మాత్రం రాయాలి. ఈ చిన్న నియమం చేసిన మేలు ఇంతా అంతా కాదు. మొదట్లో నోరు మెదపని మేస్త్రీలు, తమ పేరు పేజీ మీద చూసుకున్నాక, పిలవకపోయినా వచ్చి కూర్చున్నారు.

రాసి బీరువాలో పెడితే ప్రయోజనం లేదు. అందుకని ఇంకో నియమం. కొత్త సైటులో ఏ పని పద్ధతి మీదైనా సంతకం పెట్టే ముందు, అలాంటి పాత పని పేజీ చదివి, చదివినట్టు రాయాలి. పైల్స్ పేజీలో బాబాయ్ పేరుతోనే ఉంది: అమావాస్య, పౌర్ణమి ముందు రాత్రి బోరు తెరిచి ఉంచరాదు, పోటు వేళ బెంటొనైట్ మట్టం చూడడానికి మనిషి ఉండాలి. ఆయనను ఎన్నడూ చూడని పిల్ల ఇంజినీర్లు ఇవాళ ఆ మాట పాటిస్తున్నారు.

వారం వారం పని లెక్క కూడా ఇలాంటిదే. 1990లలో బాలర్డ్, హోవెల్ అనే అమెరికన్లు సైట్లలో కొలిచి చూస్తే, ఈ వారం చేస్తాం అని రాసుకున్న పనుల్లో సగం, సగానికి కొంచెం పైన మాత్రమే పూర్తవుతున్నాయని తేలింది. మిగతావి ఎందుకు ఆగాయో చూస్తే చాలావరకు బద్ధకం కాదు. డ్రాయింగు రాలేదు, సామాను రాలేదు, ముందువాడి పని అవలేదు. శనివారం నాడు కాని పని పక్కన కారణం రాసి, నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చూస్తే చాలు, ఎక్కడ చేయి పెట్టాలో తెలిసిపోతుంది. దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. గోడ మీద బోర్డు, సుద్దముక్క చాలు.

మరి ఇంత తేలికైతే అందరూ ఎందుకు చేయరు? టెండరు తక్కువ రేటువాడికే దక్కుతుంది. కొత్త పద్ధతి ప్రయత్నించడానికి ఆ రేటులో చోటు ఉండదు. ఇదొక కారణం. గుంపులు సబ్ కాంట్రాక్టరువి. నేర్పితే రేపు ఇంకో కంపెనీకి వెళతారు కదా అని పెద్ద కంపెనీ అనుకుంటుంది. మన పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ప్రాజెక్టుల్లో మట్టి మోశారు. తరాల తరబడి వాళ్లు నేర్చిన మట్టి పని విద్యను ఏ కంపెనీ ఐనా పుస్తకంలో రాసిందా? ఇది రెండో కారణం. అన్నిటికన్నా పెద్దది మూడోది, భయం. దాని గురించి ఒక్క సంఘటన చెబుతాను.

ఒక పట్టణంలో మురుగునీటి పైపులైను పని. మూడు మీటర్ల లోతు కందకం. ఒకటిన్నర మీటరు దాటిన కందకానికి పక్కల ఆధారాలు కట్టాలని మన భారత ప్రమాణాలే చెబుతాయి. నల్లరేగడి నేల, ఎండాకాలం, గట్టిగానే ఉంది కదా అని ఆ గుంపు మేస్త్రీ ఆధారాలు పెట్టించలేదు. మధ్యాహ్నం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అంచుకు అడుగు దూరంలో సన్నటి బీట చూశాడు. మేస్త్రీకి చెబితే "నీ పని నువ్వు చూసుకోరా" అన్నాడు. సాయంత్రానికి పైపు దించకపోతే ఆ వారం బిల్లు రాదు. ఆ కుర్రాడు ఊరుకోలేదు. అటుగా వచ్చిన మా సూపర్‌వైజరు చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. ఆమె మారుమాట లేకుండా అందర్నీ పైకి రప్పించింది. గంట గడవకముందే ఆ పక్క గోడ మొత్తం కందకంలోకి జారింది. లోపల ఐదుగురు ఉండాల్సినచోట ఒక్కరూ లేరు.

మర్నాడు ఏం జరిగిందన్నది ముఖ్యం. పని ఆలస్యమైందని ఆ కుర్రాడి మీద మేస్త్రీ విసుక్కున్నాడు. ఆ రోజు కూలి కోస్తానన్నాడు. కంపెనీ అక్కడ ఊరుకుని ఉంటే, ఆ సైటులో ఉన్న వంద మందీ ఒక పాఠం నేర్చుకునేవాళ్లు: బీట కనబడినా నోరు మూసుకోవాలి అని. సంస్థలు చెడ్డ పాఠాలు కూడా ఇంత త్వరగానే నేర్చుకుంటాయి. మా ప్రాజెక్టు మేనేజరు పొద్దున్నే అందర్నీ నిలబెట్టి, ఆ కుర్రాణ్ణి ముందుకు పిలిచి, అతనేం చూశాడో అతని చేతే చెప్పించారు. పనాగిన రోజు కూలి గుంపు మొత్తానికీ కంపెనీ ఇచ్చింది. ఆధారాలకు విడిగా రేటు పెట్టింది, మేస్త్రీ జేబులోంచి పోకుండా. ఆ తర్వాత నెలల్లో బీటలు, ఊగే నిచ్చెనలు, తెగిన వైర్లు చెప్పేవాళ్లు పెరిగారు. ప్రమాదాలు పెరగలేదు, కబురు పెరిగింది. ఈ తేడా తెలియని కంపెనీ ఎన్ని కొత్త యంత్రాలు కొన్నా కొత్తది కనిపెట్టలేదు. కిందివాడు నోరు విప్పలేని చోట పైవాడికి తెలిసేది బిల్లు మొత్తం ఒక్కటే.

ఇక మన సంఘానికి ఒక విన్నపం. ఈ సభలో కూర్చున్నవాళ్లలో తాపీ మేస్త్రీలు ఉన్నారు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, కువైట్, దుబాయ్ సైట్లలో ఫోర్‌మన్‌గా చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. రొయ్యల చెరువులు, రైసు మిల్లులు, ఆస్పత్రులు నడుపుతున్నవాళ్లు ఉన్నారు. రిటైరైన మాస్టార్లు సరేసరి. వీళ్ల చేతుల్లో ఉన్న విద్య వీళ్లతో పోకూడదు. వచ్చే ఏడాది నుంచి నెలకొక్క శనివారం సాయంత్రం ఒకరు మన బడికి వచ్చి, తొమ్మిది, పది తరగతుల పిల్లల ముందు కూర్చుని, తన పనిలో ఒక్క మెలకువ చెప్పాలి. ఉపన్యాసం వద్దు. పిల్లలు ప్రశ్నలు అడగాలి, విన్నది ఒక పేజీ రాయాలి. పేజీ పైన ఆ మనిషి పేరు ఉండాలి. ఏడాదికి పది పేజీలు. వచ్చే ఏటి వార్షికోత్సవానికి అవి ఒక చిన్న పుస్తకం అవుతాయి. అచ్చు ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది, ఇప్పటికే మాట్లాడుకున్నాం.

మొదటి శనివారానికి ఎవరిని పిలవాలో కూడా అనుకున్నాం. మన బడి కొత్త తరగతి గదులు కట్టిన మేస్త్రీ గారు ఆ వెనక వరసలో కూర్చున్నారు. ఆయన మనవరాలు ఇక్కడే ఎనిమిదో తరగతి. ఆ గదుల స్లాబు వానాకాలంలో పోశారు, ఇప్పటికీ ఒక్క చుక్క కారలేదు. అదెలాగో ఆయనను ఇంతవరకు ఎవరూ అడగలేదట. మేస్త్రీ గారూ, మీరు రావాలి.